అమ్మ మడమకు ఏ మందు పనిచేసిందంటే

ప్రియమైన చెల్లికి,

అన్నయ్య మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను. నీ ఉత్తరం అంది ఐదు రోజులైంది. జవాబు రాయడానికి బద్ధకించానని అనుకున్నావేమో. నాలుగుసార్లు మొదలుపెట్టాను, నాలుగుసార్లూ చించేశాను. ఫోన్లో చెప్పేస్తే పీడా పోతుందనీ చూశాను. మొన్న ఆదివారం నీకు చేసింది అందుకే. నీ గొంతు వినగానే ధైర్యం చాలక, అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేశాను. వానల గురించి అడగడానికి ఫోన్ చేసే మనిషినా నేను? నీకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాలి.

సెలూన్లో రోజంతా నిలబడి జుట్లు కత్తిరించీ కత్తిరించీ నీ మడమ కూడా పట్టేసిందనీ, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టు ఉంటోందనీ రాశావు. అమ్మకు ఏయే మందులు వాడాం, ఏది పనిచేసింది, ఏది చేయలేదు, వరుసగా రాయమన్నావు. ఆ ఇటుక వైద్యం ఎలాగో వివరంగా చెబితే నువ్వూ మొదలుపెడతానన్నావు. ముందే ఒక మాట చెబుతున్నాను. ఇటుక జోలికి పోకు. బావగారు ఎక్కడి నుంచైనా తెచ్చి ఉంటే ఇవాళే బయట పారేయించు. ఎందుకో రాస్తాను, అది రాయడానికే కూర్చున్నాను. కానీ మిగతావి ముందు రాయనివ్వు. ఒక్కసారిగా అక్కడికి వెళ్లడం నా వల్ల కావడం లేదు.

అమ్మ సంగతి నీకు చెప్పాలా. నలభై ఏళ్లు మన బేకరీలో ఆ పిండిబల్ల దగ్గర, సిమెంటు గచ్చు మీద నిలబడ్డ మనిషి. స్టూలు తెచ్చి వేస్తే దాని మీద పిండి బస్తా పెట్టించింది. అలాంటి మనిషి కిందటేడు ఒక పొద్దున గోడ పట్టుకుని వంటింట్లోకి రావడం చూశాను. ఏమైందంటే ఏమీ కాలేదంది. మర్నాడూ గోడే, ఆ మర్నాడూ గోడే. ఎడమ మడమ. పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదటికొస్తుంది. నీకు ఇప్పుడు ఉన్నట్టే అన్నమాట.

మొదటి వైద్యం మీ వదినది. స్పాంజి అట్ట ఉన్న మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చింది. అమ్మ వాటికి పరుపులు అని పేరు పెట్టి, పరుపుల మీద నిలబడి పని చేసే భాగ్యం ఎవరికుంటుంది అంటూనే వేసుకుంది. రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత మడమ దగ్గర స్పాంజి అణగిపోయి అప్పడంలా అయింది. కొత్తవి కొంటానంటే వద్దంది. చెప్పులు నీకు పనికొస్తాయి, కొనుక్కో. అణగిపోగానే మార్చు.

రెండోది మన వీధి చివర డాక్టరు చెప్పింది. గడ్డకట్టించిన నీళ్ల సీసా పాదం కింద వేసి ముందుకీ వెనక్కీ దొర్లించమన్నాడు. అమ్మ మూడో రోజు దొర్లిస్తుంటే సీసా జారి బీరువా కిందికి పోయింది, దానికోసం నేను పొట్ట మీద పాకాను. ఈ వయసులో తనకు బొంగరాలాటలు వద్దని అక్కడితో ఆపేసింది. నిజం చెప్పాలంటే దొర్లించినంత సేపు ఆమెకు ఏమీ తెలిసినట్టు లేదు. చల్లగా ఉందా అని అడిగితే ఉండే ఉంటుంది అంది. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. బుర్ర ఉంటే కదా ఎక్కడానికి.

మూడోది ఫిజియోథెరపీ అమ్మాయిది. ఇది జాగ్రత్తగా చదువు. గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మడమ నేల విడవకుండా ముందుకు వంగాలి. పిక్క లాగినట్టు అవుతుంది. అలా ముప్పై లెక్కపెట్టేదాకా ఉండి వదలాలి. పొద్దున మంచం దిగకముందే కాలివేళ్లు వెనక్కి వంచి పట్టుకోవాలి. మూడు నెలలు ఒక్కపూట కూడా మానకూడదని ఆ అమ్మాయి చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది. మడమ నొప్పి తొందరపెడితే తగ్గదనీ, చాలామందికి నెలల మీద దానంతట అదే సద్దుమణుగుతుందనీ, ఓపిక లేనివాళ్లే దాన్ని పెంచుకుంటారనీ. మన ఇంట్లో ఓపిక అనేది ఎవరికైనా ఉందా? అమ్మ పదకొండు రోజులు చేసింది. పన్నెండో రోజు గోడను తోస్తే గోడ కదలదు, కాలూ కుదరదు అని మానేసింది. నేనూ గట్టిగా చెప్పలేదు. నువ్వు మాత్రం చెయ్యి. పనిచేస్తే ఇదొక్కటే పనిచేసేది, చేసి ఉంటే.

నాలుగోది మడమలో ఇంజెక్షను. వేసేటప్పుడు పక్కనున్న నేను కళ్లు మూసుకున్నాను, అమ్మ మాత్రం గోడ మీది గడియారం చూస్తూ కూర్చుంది. ఆరు వారాలు నొప్పి లేదు. ఏడో వారం వచ్చేసింది, అత్తారింటి నుంచి తిరిగొచ్చినట్టు మరింత బలిసి. ఇంకోటి వేయమంటే డాక్టరు వెంటవెంటనే కుదరదన్నాడు, పైగా అమ్మకు షుగర్ ఉంది కాబట్టి పాదాలు రోజూ చూసుకోమన్నాడు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, ఎనిమిదేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాం. సరే అని తలూపి బయటికొచ్చాం.

ఇక్కడ నేను దిగాను. డాక్టర్లూ, చెప్పులూ, గోడలూ అన్నీ అయ్యాయి కదా, ఇక మిగిలింది నేనే. అప్పుడే మన బట్టీ అడుగు పాడైతే కొత్తగా పరిపించాను. ఆరు ఇటుకలు మిగిలాయి. రోజూ మన కొట్టుకు వచ్చే పోస్ట్‌మ్యాన్ తన మడమకు కాపడం పెట్టుకుంటే పోయిందన్నాడు. ఇంకేముంది, తట్టింది. పొద్దున పదింటికి రొట్టెలు దించేశాక బట్టీ చల్లారుతూ ఉంటుంది కదా, అప్పుడు ఒక ఇటుక లోపల పెట్టి, తీసి, పాత తువ్వాలు రెండు మడతలు చుట్టి, అమ్మ కాలు ఒళ్లో పెట్టుకుని మడమకు ఆనించేవాణ్ని. చూడకుండా పెట్టానని మాత్రం అనుకోకు. ప్రతిరోజూ ముందు నా అరచేయి ఆనించి పది లెక్కపెట్టేవాణ్ని. చేతికి హాయిగా ఉంటేనే అమ్మ కాలికి పెట్టేవాణ్ని.

మొదటిరోజే అమ్మ ప్రాణం లేచొచ్చిందిరా అంది. వారం తిరిగేసరికి నొప్పి సగం పోయిందంది. ఒక్కరోజు మానితే మళ్లీ పట్టేస్తోంది, ఇది మాత్రం మానకు అంది. నీ హస్తవాసి మంచిదిరా అని మీ వదిన ముందు, కొనడానికొచ్చిన వాళ్ల ముందు చెప్పింది. నాకు ఎంత పొగరెక్కిందో నీకు రాసిన ఉత్తరమే సాక్ష్యం. నలుగురు వైద్యులు చేయలేనిది బట్టీవాడు చేశాడని రాశాను చూడు, అది. బన్ను కొన్న ప్రతివాడికీ మడమ గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఎదురు కొట్టు దర్జీకి బట్టీలోంచి తీసిన ఇటుక ఒకటి కూడా ఇచ్చాను. మర్నాడు అడిగితే అంత వేడి ఎవరు పట్టుకుంటారండీ బాబూ అని నవ్వాడు. సూది పట్టుకునే సుకుమారపు చేయి అని నేనూ నవ్వాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఆ మందు వేసినవాణ్ని నేను, చెల్లీ.

మూడో వారంలో మడమ పక్కన బొబ్బ లేచింది. ఇది నువ్వు చదివి క్షమించగలవో లేదో నాకు తెలియదు. నేను చూశాను. బొబ్బ చూసి సంతోషించాను. లోపలి చెడు నీరంతా బయటికి వస్తోందని అనుకున్నాను. అమ్మతోనూ అదే అన్నాను. అమ్మ అలాగా అంది. ఆ మర్నాడు కూడా ఇటుక పెట్టాను. ఆ తర్వాత ఇంకో ఎనిమిది రోజులు పెట్టాను. ఇంట్లో ఏదో వాసన వస్తోందని మీ వదిన అంటే, పులిసిన పిండి తొట్టి మూత సరిగ్గా పెట్టి ఉండరు అన్నాను. పిండి వాసనకీ మనిషి వాసనకీ తేడా తెలియని ముక్కు నాది. చివరికి అమ్మకు చలిజ్వరం వచ్చి వణుకుతుంటే, కాళ్లకు దుప్పటి కప్పబోయి మీ వదినే చూసింది. మడమ నల్లబడిపోయి ఉంది. రోజూ ఒళ్లో పెట్టుకున్న నేను దాన్ని ఇటుక మసి అనుకున్నాను.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఒక పెద్దావిడ. మడమ చూసింది. సన్నటి ప్లాస్టిక్ తీగ ఒకటి తీసి అమ్మ అరికాలిని ఒక్కోచోట ఒత్తుతూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. అమ్మ కళ్లు మూసుకుని పడుకుంది. కాసేపటికి, ఎప్పుడు మొదలుపెడతారమ్మా అని అడిగింది. అప్పటికి ఆవిడ రెండు పాదాలూ పూర్తి చేసేసింది. షుగర్ వల్ల పాదాలకు పైన తాకిడీ, వేడీ, చల్లదనమూ తెలియకుండా పోతాయట, లోపలి నొప్పి మాత్రం ఉంటే ఉండొచ్చట. తర్వాత నన్ను పక్క గదిలోకి పిలిచి, ఎలా కాలిందని అడిగింది. కాలడం ఏమిటి, కాపడం పెట్టాం అన్నాను. వేడి ఎంత అని అడిగింది. చెయ్యి పట్టేంత, రోజూ నేనే పట్టి చూసేవాణ్ని అన్నాను. ఎంత ధీమాగా చెప్పానో.

ఆవిడ నర్సుతో ఒక గిన్నెలో మరిగిన నీళ్లు, పక్కన చన్నీళ్లు తెప్పించింది. ఇటుక ఎంత వేడిగా ఉండేదో అంత వేడికి కలిపి చూపించమంది. నేను వేలు ముంచుతూ, కొంచెం కొంచెం చన్నీళ్లు పోస్తూ, ఇదుగో ఇంత అన్నాను. నర్సు వేలు పెట్టి చటుక్కున లాగేసుకుని కుళాయి కిందికి పరిగెత్తింది. డాక్టరు నా చేయి పట్టుకుని వెల్లకిలా తిప్పింది. ఏం పని చేస్తారని అడిగింది. రొట్టెలు కాలుస్తానన్నాను. ఎన్నేళ్లుగా అంది. ఇరవై తొమ్మిది అన్నాను.

"మీ చేతికి తెలియదు. ఆవిడ కాలికి తెలియదు. ఇద్దరిలో ఒక్కరికి తెలిసినా ఆ కాలు ఉండేది" అంది.

ఉండేది అంది, ఉంటుంది అనలేదు. గిన్నె పక్కన బల్ల పట్టుకుని నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని అంటారు కదా. నా చేతులు ఎప్పుడో కాలిపోయాయి, ఆ సంగతి కూడా నాకు తెలియలేదు. వేడి ట్రే గుడ్డ లేకుండా పట్టుకుంటాడని జనం ముందు మురిసిపోయిన వెధవని నేను. ఆ మొద్దు చేతులతో అమ్మ కాలికి వేడి చూశాను.

చీము ఎముకలోకి దిగింది. మోకాలి కిందిదాకా తీసేయాలి. ఈ శుక్రవారం పొద్దున ఆపరేషను. రెండో పాదానికి ఇటుక పెట్టలేదు కాబట్టి అది నిలుస్తుందన్నారు. పైన అందరం క్షేమం అని రాశాను చూడు, అది అలవాటు కొద్దీ చెయ్యి రాసేసింది. కొట్టేద్దామనుకున్నాను, మళ్లీ ఈ కాగితం కూడా చింపాల్సి వస్తుందని వదిలేశాను.

అమ్మ ఫోన్లో నీతో రెండు ముక్కలే మాట్లాడి పెట్టేస్తోందనీ, నీ మీద కోపమా అనీ అడిగావు. కోపం కాదు. ఆ రెండు ముక్కలూ ఆస్పత్రి మంచం మీద నుంచి మాట్లాడింది. వెనకాల ట్రాలీల చప్పుడు నీకు వినబడుతుందని పెట్టేసింది. నీకు చెప్పొద్దని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. నీకూ కాళ్ల నొప్పి, ఇద్దరు పిల్లలు, ఇంత దూరం పరిగెత్తుకొస్తావని. నేను మాట తప్పుతున్నాను. నా మాట పోతే పోయింది, దానికి ఇప్పుడు ఏమంత విలువుంది.

ఇది ఇంతటితో అయిపోలేదు, చెల్లీ. నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి నిన్న జరిగింది.

వార్డులో అందరితోనూ అమ్మ, ఇదంతా షుగర్ జబ్బు వల్ల, నా కొడుకు ఎంత సేవ చేసినా లాభం లేకపోయింది అని చెబుతోంది. పక్క మంచం ఆవిడ నన్ను చూసి నీలాంటి కొడుకు ఉండాలయ్యా అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, ఎవరి మీదో తెలియదు. నిన్న మధ్యాహ్నం మీ వదిన క్యాంటీనుకు వెళ్లినప్పుడు మంచం దగ్గర నిలబడి చెప్పేశాను.

"అమ్మా, ఇది షుగర్ ఒక్కదాని వల్ల కాదు. నా ఇటుక వల్ల. నేనే కాల్చాను."

అమ్మ దుప్పటి అంచు సరిచేసుకుంటూ, "తెలుసు లేరా" అంది.

నాకు అర్థం కాలేదు. డాక్టరు చెప్పిందా అన్నాను. డాక్టరెందుకు చెప్పాలి, మొదటిరోజు నుంచీ తనకు వేడే తెలియలేదంది. ఇటుక పెట్టానో తీశానో నా మొహం చూసి కనిపెట్టేదట. మరి ప్రాణం లేచొచ్చిందన్నావు, నొప్పి తగ్గిందన్నావు అని దాదాపు అరిచాను. పక్క మంచం ఆవిడ మా వైపు తిరిగింది.

"నొప్పి ఎక్కడికి పోతుందిరా? పొద్దున లేస్తే అదే పోటు" అంది అమ్మ. "తగ్గలేదంటే మానేస్తావు కదా. మీ నాన్న పోయాక నువ్వు నా పక్కన కూర్చున్నది ఆ పావుగంటే. ఎప్పుడు చూసినా బల్లకు అటువైపు నువ్వు, ఇటువైపు నేను. మాట్లాడుకున్నా పిండి గురించే. నా కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు. కాలితే కాలింది. నాకు తెలియలేదు కూడా."

కోపంగా అని ఉంటే బావుండేది. ఏడ్చి ఉంటే ఇంకా బావుండేది. మామూలుగా, ఇవాళ ఈస్టు తక్కువేశావేమో అన్నట్టు అంది.

ఏది పనిచేసిందని నన్ను అడిగావు చూడు, దానికి ఇదీ జవాబు. ఏదీ పనిచేయలేదు. పనిచేసిందని నేను ఊరంతా చాటింది, అన్నిటికన్నా పనిచేయనిది. ఇటుకతో అమ్మ నొప్పి ఒక్క పూట కూడా తగ్గలేదు. నాకోసం తగ్గిందని చెప్పింది, నేను నమ్మాను, నమ్మి ఆమె కాలు కాల్చాను. నాన్న పోయిన ఈ పదిహేనేళ్లలో ఒక్కసారి, ఒట్టి చేతులతో వెళ్లి ఆమె పక్కన కూర్చుని ఉంటే ఇటుక అవసరమే లేదు. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

తర్వాత అమ్మ మంచం మీద కొంచెం పక్కకు జరిగింది. ఆ జరగడానికి ఆమెకు ఎంత కష్టమైందో చూశాను. జరిగి, ఖాళీ చేసిన చోటును చేత్తో తట్టి, "కాసేపు కూర్చోరా" అంది.

నేను కూర్చోలేదు, చెల్లీ. బట్టీలో ట్రేలు పెట్టొచ్చానమ్మా, మాడిపోతాయి, మళ్లీ వస్తాను అన్నాను. కొట్టు మూసి తొమ్మిది రోజులైంది. బట్టీ వెలిగించలేదు. ఆ సంగతి అమ్మకు తెలుసు, మీ వదిన మొదటిరోజే చెప్పింది. తనకు తెలిసిన సంగతి నాకు తెలుసని కూడా అమ్మకు తెలుసు. నా మొహం వైపు ఒక్కసారి చూసి, "సరే, వెళ్లు. మాడిపోతాయి" అంది.

అప్పటి నుంచి చల్లారిపోయిన బట్టీ ముందు కూర్చుని ఉన్నాను. ఇవాళ రెండుసార్లు ఆస్పత్రి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మీ వదిన పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లింది. ఈ ఉత్తరాన్ని మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, రేపటికి నీకు చేరుస్తాడు. గురువారానికల్లా వచ్చెయ్యి. వచ్చాక నన్ను తిట్టు, కొట్టు, జన్మలో మాట్లాడకు, దేనికీ అడ్డు చెప్పను. కానీ ముందు ఇంటికి రావద్దు, కొట్టుకూ రావద్దు. నేరుగా ఆస్పత్రికి వెళ్లు. రెండో అంతస్తు, కిటికీ పక్కన మూడో మంచం. ఆమె రెండు కాళ్లతో ఉండేది ఇంకా మూడు రోజులే. వెళ్లి పక్కన కూర్చో. అన్నయ్య ఏడీ అని అడిగితే, బట్టీ దగ్గర ఉన్నాడని చెప్పు.

ఇట్లు,
కూర్చోవడం చేతకాని
నీ అన్నయ్య